లైసెన్స్ రాజ్‌తో పేచీ పెట్టుకున్న నిడుబ్రోలు రంగా గారు

మా తాతయ్య స్కూటర్ బుక్ చేసినప్పుడు మా నాన్న స్కూల్లో ఉన్నాడంట, బండి ఇంటికొచ్చేసరికి డిగ్రీలోకి వచ్చేశాడు. డబ్బుల్లేక కాదండోయ్, డబ్బు కట్టేసి మరీ కూర్చున్నారు. ఆ రోజుల్లో ఏ ఫ్యాక్టరీ ఏడాదికి ఎన్ని బండ్లు చెయ్యాలో ఢిల్లీలో రాసిచ్చేవాళ్ళు, 1951 చట్టం కింద లైసెన్స్ అన్నమాట, బయట జనం క్యూ కట్టారు కదా ఇంకో షెడ్డు వేసి డబుల్ చేద్దాం అంటే కుదరదు, మళ్ళీ అప్లికేషన్, మళ్ళీ ఢిల్లీ. దాంతో ఏమైంది, బుకింగ్ కాగితానికే బ్లాక్‌లో రేటు పలికేది!

లిబర్టేరియన్లు పట్టుకునేది సరిగ్గా ఈ పాయింటే. పోలీసు, కోర్టు, సైన్యం సర్కారు చూసుకోవాలి, ఎవడు ఏం తయారుచెయ్యాలి ఎంతకి అమ్మాలి అనేది మాత్రం కొనేవాడు అమ్మేవాడు తేల్చుకుంటారు, మధ్యలో నీకేం పని అంటారు.

ఇదేదో అమెరికా సరుకు అనుకుంటారు గానీ, మన దగ్గర ఈ గొడవ పొలం గట్టు మీద మొదలైంది. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభలో సహకార ఉమ్మడి వ్యవసాయం, అంటే రైతుల పొలాలన్నీ కలిపేసి ఉమ్మడిగా సాగు చెయ్యడం, అని తీర్మానం చేశారు. గుంటూరు జిల్లా నిడుబ్రోలుకి చెందిన ఎన్.జి. రంగా గారికి ఒళ్ళు మండింది, రైతు చేతిలో పొలం లేకపోతే ఇంక వాడికి స్వేచ్ఛ ఏంటని ఆయన వాదన, కాంగ్రెస్ వదిలేసి రాజాజీ (సి. రాజగోపాలాచారి), ఎంపీ మినూ మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు, మొదటి ప్రెసిడెంట్ కూడా ఈయనే. పర్మిట్-లైసెన్స్-కోటా రాజ్ అన్న మాట రాజాజీదే. 1962లో 18 సీట్లు, 1967లో 44, అంటే లోక్‌సభలో కాంగ్రెస్ తర్వాత వీళ్ళే!

[స్క్రీన్ మీద: 97.75%]

ఇదేంటనుకున్నారు, 1973-74లో ఆదాయపు పన్ను టాప్ రేటు, సర్‌చార్జ్‌తో కలిపి. అంటే ఆ స్లాబ్‌లో వంద సంపాదిస్తే చేతికి రెండు రూపాయల పావలా, మిగతాది లెక్కలో చూపించకుండా దాచుకోవడం నేర్పినట్టే కదా.

అలాగని స్వతంత్ర వాళ్ళని నెత్తిన పెట్టుకోను నేను. జమీందార్ల మీద పోరాడిన రంగా గారే మాజీ మహారాజులతో ఒకే స్టేజీ ఎక్కాల్సొచ్చింది, అక్కడే నాకు నచ్చదు. సెంటు భూమి లేని కూలీకి ఈ ఆస్తి హక్కు దేనికి పనికొస్తుంది అంటే వాళ్ళ దగ్గర గట్టి జవాబు లేదు. 1974లో పార్టీ భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది.

అసలు తమాషా ఏంటంటే, 1991 జులై 24న 18 పరిశ్రమలు తప్ప మిగతా వాటికి లైసెన్స్ తీసేసింది ఆ కాంగ్రెస్సే, అప్పుడు ప్రధాని పీవీ గారు, ఇండస్ట్రీస్ శాఖ కూడా ఆయన దగ్గరే ఉంది. అదే పీవీ గారు 1972లో మన ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు భూముల సీలింగ్ కోసం పట్టుబట్టి పెద్ద రైతులందరితో తిట్లు తిన్న మనిషి.