ఒక్క కాగితం, ఎనిమిది పేజీలు

శ్రోతలకు నమస్కారం.

నా చేతిలో ఒక బొమ్మల పుస్తకం ఉంది. చొక్కా జేబులో పట్టేస్తుంది. ఒక్క ఏ4 కాగితం. కుట్టు లేదు, పిన్ను లేదు, అయినా ఎనిమిది పేజీలు. గీసింది మన నెల్లూరు పాప, తొమ్మిదో తరగతి. ఆదివారం పూట నా దగ్గరికి బొమ్మలు నేర్చుకోవడానికి వస్తుంది.

వీటిని జీన్ అంటారు. మ్యాగజీన్‌లోని చివరి ముక్క. గీసేదీ, జిరాక్స్ తీయించేదీ, మడిచేదీ, పంచేదీ ఒక్కరే. అమెరికాలో జాన్ పోర్సెలినో 1989 నుంచి 'కింగ్-క్యాట్' పేరుతో తన రోజువారీ బతుకునే ఇలా గీస్తున్నాడు. జపాన్‌లో సొంతంగా అచ్చేసుకున్న బొమ్మల కథలు అమ్ముకునే కామికెట్ సంత 1975లో 32 బృందాలతో మొదలైంది, దానికి ఇప్పుడు లక్షల మంది వస్తారు. మన లిఖిత పత్రికలూ ఇలాంటివే కదా.

ఇక ఈ పాప పుస్తకం. పేరు 'ఇంటి రొట్టె'. అట్ట మీద మన రొట్టెల పండుగ జరిగే స్వర్ణాల చెరువు. లోపల వాళ్లమ్మ మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, ఇల్లు కట్టుకున్న ఒక పెద్దావిడ చేతి నుంచి సొంతింటి రొట్టె అందుకుంటోంది. కోరిక తీరితే మళ్లీ వచ్చి, తనూ ఒకరికి రొట్టె ఇవ్వాలి. తర్వాత పేజీల్లో అద్దె ఇల్లు, కారే కప్పు, కింద బకెట్. మళ్లీ పండగ. మళ్లీ అదే బకెట్. చివరి పేజీలో మాటల్లేవు. రెండు చేతులు, మధ్యలో రొట్టె.

"ఇందులో అమ్మ చెయ్యి ఏదమ్మా?" అని అడిగాను.

"ఇంకా తెలీదు సార్" అంది.

నాకు గొంతు పట్టేసింది.

జీన్లు గీసేవాళ్లలో చాలామంది వాటిని అమ్మడమే కాదు, మార్చుకుంటారు కూడా. నీది నాకివ్వు, నాది తీసుకో. రొట్టెల పండుగ జరిగే ఊళ్లో ఈ పద్ధతి విడిగా నేర్పాల్సిన పని లేదు. మా ఆదివారం పిల్లలూ అంతే, పుస్తకానికి పుస్తకం.

మీ ఇంట్లో పిల్లలుంటే ఇవాళే ఒక కాగితం ఇవ్వండి. మూడుసార్లు సగానికి మడిచి విప్పితే ఎనిమిది గళ్లు. పొట్టి అంచులు కలిసేలా ఒక్కసారి మడిచి, మడత వైపు నుంచి నడిమి గీత మీద ఒక్క గడి మేర కత్తిరించండి. విప్పి, ఈసారి పొడవుగా మడిచి, రెండు చివరలూ లోపలికి నెట్టండి. చీలిక నోరు తెరుస్తుంది. పేజీలు చుట్టూ తిప్పితే పుస్తకం. ముందు ఖాళీ పుస్తకానికే నంబర్లు వేసుకోండి, విప్పాక గీయండి. నాలుగు నంబర్లు తలకిందులుగా ఉంటాయి. కంగారు పడకండి, అలాగే ఉండాలి.

ఇంకొక్క మాట. పెన్సిల్ వద్దు, నల్ల పెన్నే వాడండి. ఈ పాప మొదట సన్నటి పెన్సిల్‌తో గీసింది. ఇరవై కాపీలు తీయిస్తే చెరువు మొత్తం మాయం. జిరాక్స్ షాపాయన చూసి, "ఏంది పాపా, మీయమ్మ గాల్లో నిలబడిందే?" అన్నాడు. పాప ఇంటికెళ్లి, నల్ల జెల్ పెన్ను పట్టుకుని, ఆ రాత్రి ఒక్కో అలనూ మళ్లీ గీసుకొచ్చింది.