రెండు రొట్టెముక్కల మధ్య పూత: బ్రిటిష్, అమెరికన్ శాండ్‌విచ్‌లు

అందరికీ నమస్కారం. మాటల్లోకి దిగేముందు ఒక చిన్న పని చేద్దాం. బల్ల మీద రెండు గిన్నెలున్నాయి, ఒక్కోదాంట్లో టేబుల్ స్పూను ఇంగ్లిష్ ఆవపొడి ఉంది. మొదటిదాంట్లో టేబుల్ స్పూను చన్నీళ్లు పోసి కలుపుతున్నాను. రెండోదాంట్లో ఫ్లాస్కులోంచి అంతే కొలతకి సలసల కాగిన నీళ్లు. రెండింటికీ మూత పెట్టి పక్కనుంచుతున్నాను. చివర్లో రుచి చూద్దాం.

శాండ్‌విచ్ అనగానే మనం లోపల ఏం పెట్టారని అడుగుతాం. రొట్టెకి ఏం రాశారు, ఎక్కడిదాకా రాశారు అన్నది ముందు చూడమంటాను నేను. బ్రెడ్ ముక్క స్పంజి లాంటిది. టమాటా, కీర, ఊరవేసిన కాయలు ఏవైనా నీళ్లు వదులుతాయి. ఆ నీళ్లకీ రొట్టెకీ మధ్య కొవ్వు పొర ఒకటి అడ్డుండాలి. బ్రిటన్‌లో ఆ పని వెన్న చేస్తుంది. అమెరికాలో ఎక్కువగా మయొనైజ్, అంటే పచ్చసొనలో నూనె గిలక్కొట్టి చేసే చిక్కటి సాసు, చేస్తుంది. రెండు దేశాల శాండ్‌విచ్‌ల రుచి విడిపోయేది చాలామటుకు ఇక్కడే.

పేరు సంగతి క్లుప్తంగా చెప్తాను. నాలుగో ఎర్ల్ ఆఫ్ శాండ్‌విచ్ జాన్ మాంటేగ్ పేకాట బల్ల మీదనుంచి లేవకుండా తిన్నాడన్న కథ అందరూ చెప్పేదే, దాన్ని వదిలేద్దాం. చరిత్రకారుడు ఎడ్వర్డ్ గిబ్బన్ 1762 నవంబరు డైరీలో మాత్రం శాండ్‌విచ్ అన్న మాట కనిపిస్తుంది.

ఇంగ్లండ్ పద్ధతి పట్టుబడాలంటే కీర శాండ్‌విచ్ చేసి చూడాలి. నాలుగు బ్రెడ్ ముక్కలకి సగం కీర చాలు. రెండు మిల్లీమీటర్ల మందాన చక్రాలు తరిగి, జల్లెడలో పరిచి, పావు టీస్పూను ఉప్పు చల్లి ఇరవై నిమిషాలు వదిలేయండి. కింద గిన్నెలో చేరే నీళ్లు చూస్తే ఈ పని ఎందుకో మళ్లీ చెప్పక్కర్లేదు. చక్రాలని పొడిబట్ట మీద పరిచి పైనుంచి ఇంకో బట్టతో అద్దండి. వెన్న గది వేడికి మెత్తబడి ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్న రాస్తే బ్రెడ్ చిరుగుతుంది, చిరిగిన చోటునించే తడి లోపలికి పోతుంది. పూత అంచుదాకా వెళ్లాలి. మధ్యలో అంటించి వదిలేస్తే అరగంటలో అంచులు తడిసిపోతాయి. మీద తెల్లమిరియాల పొడి కాస్త చల్లి, రెండో ముక్క పెట్టి, అరచేత్తో నెమ్మదిగా అదిమాకే అంచులు కోయాలి. ముందే కోస్తే అంచులు కలవవు.

వాళ్లకి అంతకన్నా ప్రాణం చీజ్ అండ్ పికిల్. ఈ పికిల్ అన్న మాట దగ్గర జాగ్రత్త. మనకది ఊరగాయ. అమెరికాలో పికిల్ అడిగితే సోయికూర (డిల్) ఆకు వేసి ఉప్పునీళ్లలోనో వెనిగర్‌లోనో ఊరబెట్టిన కీరకాయ చేతికొస్తుంది. బ్రిటన్‌లో శాండ్‌విచ్‌లో వేసే పికిల్ నల్లగా, తియ్యగా, పుల్లగా, ముక్కలు తగిలే పచ్చడి. బ్రాన్‌స్టన్ పికిల్ 1922లో బర్టన్ అపాన్ ట్రెంట్ పక్కనున్న బ్రాన్‌స్టన్ అనే ఊళ్లో మొదలైంది, ఊరి పేరే దానికొచ్చింది. పాత చెడార్‌ని నాలుగైదు మిల్లీమీటర్ల మందాన కోయండి. వెన్న రాసిన బ్రెడ్ మీద చీజ్, దాని మీద రెండు టీస్పూన్ల పికిల్. పికిల్ బ్రెడ్‌కి నేరుగా తగిలితే వెనిగర్ దాన్ని ముద్ద చేసేస్తుంది.

ఇక బట్టీ. మన ఇటుకల బట్టీతో దీనికి చుట్టరికం లేదు, బటర్ అన్న మాటలోంచి ఉత్తర ఇంగ్లండ్ వాళ్లు శాండ్‌విచ్‌కి పెట్టుకున్న ముద్దుపేరు. చిప్ బట్టీలో చిప్స్ అంటే లావుగా కోసి వేయించిన బంగాళాదుంప. మనం ప్యాకెట్లో కొనే చిప్స్‌ని వాళ్లు క్రిస్ప్స్ అంటారు. వేడి చిప్స్ మీద ఉప్పు, మాల్ట్ వెనిగర్ చల్లి వెన్న రాసిన మెత్తటి తెల్ల బ్రెడ్‌లో పెడతారు. ఆ వేడికి వెన్న కరిగి కారాలి, అదే దాని రుచి. ఇక్కడ అంచుల గొడవ ఎవరూ పట్టించుకోరు, చేసిన రెండు నిమిషాల్లో తినేస్తారు కాబట్టి. బేకన్ (ఉప్పు పట్టించిన పందిమాంసం పట్టీలు) బట్టీలోకి బ్రౌన్ సాసా, కెచప్పా అన్నది అక్కడ తీరని తగువు. ఆ బ్రౌన్ సాసుల్లో పేరున్నది హెచ్‌పీ. నాటింగ్‌హామ్ కిరాణా వ్యాపారి ఫ్రెడరిక్ గార్టన్ సాసుకి 1895లో ఆ పేరు నమోదైంది. సీసా మీద పార్లమెంటు బొమ్మ, లోపల మాల్ట్ వెనిగర్, ఖర్జూరం, చింతపండు. వూస్టర్ సాసులోనూ చింతపండు ఉంటుంది, దాంతోపాటు ఊరిన ఆంకవీ చేపలు. ఆంకవీలు చప్పున స్ఫురించవు గానీ చింతపండు పులుపు మన నాలుక ఇట్టే పట్టేస్తుంది.

కరొనేషన్ చికెన్ 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేక విందుకి కాన్‌స్టన్స్ స్ప్రై, రోజ్‌మరీ హ్యూమ్ తయారుచేసిన వంటకం. ఇప్పుడది శాండ్‌విచ్‌లో కూరే సరుకైపోయింది. చాలామంది మయొనైజ్‌లో కరీపౌడర్ పచ్చిదే కలిపేస్తారు, నోట్లో ఇసుకలా తగులుతుంది. అసలు పద్ధతిలో ఉల్లిపాయ నూనెలో మగ్గాక కరీపౌడర్ వేసి వేయిస్తారు, చల్లారాక మయొనైజ్‌లో, ఏప్రికాట్ గుజ్జుతో కలుపుతారు. పోపు తెలిసిన వాళ్లకి ఇది చెప్పాల్సిన పని లేదు.

అట్లాంటిక్ దాటుదాం. 1928 జులై 7న మిస్సోరీలోని చిల్లికాతీలో ఆటో రోవెడర్ అనే ఆయన తయారుచేసిన యంత్రం కోసిన బ్రెడ్ అమ్మకానికొచ్చింది. ముక్కలన్నీ ఒకే మందం, కత్తితో పనిలేదు, పిల్లలే చేసుకోవచ్చు. పీనట్ బటర్ అండ్ జెల్లీ ఇంటింటికీ పాకడానికి అదొక కారణం. జెల్లీ అంటే అక్కడ పళ్లరసంతో చేసిన జామ్ లాంటిది. బ్రిటన్‌లో జెల్లీ అడిగితే గిన్నెలో వణికే తీపి తెచ్చిపెడతారు. డబ్బాలో కట్టేటప్పుడు పీనట్ బటర్ రెండు ముక్కలకీ ఒక్కో టేబుల్ స్పూను రాసి జెల్లీ మధ్యలో వేయండి. ఒక్క వైపే రాస్తే మధ్యాహ్నానికి రెండో ముక్క ఊదారంగు తేలి నానిపోతుంది.

బీఎల్‌టీలో, అంటే బేకన్, లెట్యూస్, టమాటా శాండ్‌విచ్‌లో, కష్టమంతా టమాటాదే. ఆరేడు మిల్లీమీటర్ల మందాన కోసి, ఉప్పు చల్లి, పేపర్ టవల్ మీద పది నిమిషాలుంచండి. బేకన్‌ని చల్లటి పెనంలో పెట్టి మధ్యస్థ మంట వెలిగించాలి. కొవ్వు మెల్లిగా కరిగితేనే పట్టీ కరకరలాడుతుంది, కాలిన పెనంలో వేస్తే ముడుచుకుపోయి అక్కడక్కడ మాడుతుంది. అమెరికన్లు వాడేది చారలున్న పొట్ట భాగం, బ్రిటిష్ వాళ్లది ఎక్కువగా వీపు భాగం, అది ఇంత కరకరలాడదు. కాల్చిన రెండు బ్రెడ్ ముక్కలకీ మయొనైజ్ రాసి, కింద లెట్యూస్ ఆకు, దాని మీద టమాటా, పైన బేకన్. ఆకు కింద ఉంటే టమాటా నీళ్లని అది పట్టుకుంటుంది.

అమెరికా చట్టం ప్రకారం మయొనైజ్ అని పేరు పెట్టాలంటే బరువులో 65 శాతానికి తగ్గకుండా నూనె ఉండాలి. ఇంట్లో చేసుకుంటే ఒక పచ్చసొన, టీస్పూను వెనిగర్, అర టీస్పూను ఆవముద్దకి 150 మిల్లీలీటర్ల నూనె. మొదటి నాలుగైదు స్పూన్ల నూనె చుక్కచుక్కగా పడాలి. తొందరపడితే విరిగిపోతుంది. పారేయకండి, వేరే గిన్నెలో కొత్త పచ్చసొన గిలక్కొట్టి విరిగినదాన్ని అందులోకి చుక్కలుగా కలపండి, కుదురుకుంటుంది. గ్రిల్డ్ చీజ్‌కి బ్రెడ్ బయటివైపు వెన్నకి బదులు ఈ మయొనైజ్ పల్చగా రాస్తే పెనం మీద అన్నివైపులా ఒకేలా ఎర్రబడుతుంది. వెన్న రుచి మాత్రం రాదు. రెండూ కావాలనుకునేవాళ్లు పెనం మీద కాస్త వెన్న వేసుకుంటారు.

పికిల్ మాట వచ్చింది కనక ఒక ముక్క. అమెరికా, యూరప్ సీసాల్లోకి వెళ్లే గెర్కిన్‌లలో (ఊరవేసే చిన్న కీరకాయలు) కొన్ని కర్ణాటక, తమిళనాడు, ఆంధ్ర, తెలంగాణ పొలాల్లో కాసినవే.

ఇక గిన్నెల మూతలు తీద్దాం. ఆవగింజలో ఘాటు తయారుగా ఉండదు. గింజ నలిగి నీళ్లు తగిలాక ఒక ఎంజైము పనిచేసి ఘాటుని పుట్టిస్తుంది, దానికి పది నిమిషాలు పడుతుంది. మరిగే నీళ్లు పోస్తే ఎంజైము చస్తుంది. ఆవ పెట్టిన కూరలో ఆవముద్దని పొయ్యి దించాకే కలపడం కూడా ఇందుకే. వెనిగర్ మొదట్లోనే పోస్తే ఘాటు సరిగ్గా పుట్టదు, పుట్టాక పోస్తే నిలబడుతుంది. 1904లో సెయింట్ లూయిస్ ప్రదర్శనలో పేరు తెచ్చుకున్న ఫ్రెంచ్స్ అనే బ్రాండు లాంటి అమెరికన్ పసుపుపచ్చ ఆవసాసు తెల్ల ఆవాలతో, ధారాళంగా వెనిగర్‌తో చేసింది, ఆ రంగు పసుపుది. అందుకే హాట్‌డాగ్ మీద గీతలు గీతలుగా పిండుకోగలుగుతారు. ఇంగ్లిష్ ఆవముద్దని అలా పిండితే కళ్లనీళ్లే. హామ్ శాండ్‌విచ్‌కి వెన్న మీద పావు టీస్పూను రాస్తే ఎక్కువ.

చెంచాలు అక్కడున్నాయి. ముందు రెండో గిన్నె రుచి చూడండి, కాస్త చేదు తప్ప ఏమీ ఉండదు. మొదటి గిన్నెలోది చెంచా మొనకి అంటినంతే తీసుకోండి, ముక్కుకి ఎక్కితే నోటితో గాలి పీల్చండి.