యూనివర్సిటీయే ఊరి దగ్గరికి వస్తే

(తెరపై: కెనడా మ్యాప్. పడమటి తీరంలో బ్రిటిష్ కొలంబియా.)

నమస్కారం. టీచర్ కావాలంటే ఇల్లు వదిలి సిటీకి వెళ్లి చదవాలి, అంతేగా? కెనడాలోని ఆదివాసీ విద్యార్థుల కోసం బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ 1974లో ఈ పద్ధతి మార్చింది. చదువును వాళ్ల ఊళ్ల దగ్గరికే తీసుకెళ్లింది. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

(తెరపై: రెసిడెన్షియల్ స్కూల్ పాత ఫొటో.)

అక్కడ వందేళ్లకు పైగా రెసిడెన్షియల్ స్కూళ్లు నడిచాయి. పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకుపోయి, సొంత భాష మాట్లాడితే శిక్షించిన స్కూళ్లు. సుమారు లక్షన్నర మంది పిల్లలు వాటిలో పడ్డారు. ఆఖరివి మూతపడింది 1990ల్లోనే. అలా పెరిగినవాళ్లకు స్కూలు మీద నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకే 1972లో నేషనల్ ఇండియన్ బ్రదర్‌హుడ్ అనే ఆదివాసీల సంఘం (అప్పట్లో అక్కడ ‘ఇండియన్’ అంటే ఆదివాసీ) గట్టిగా అడిగింది: మా పిల్లల చదువు మా చేతుల్లో ఉండాలి, మావాళ్లే టీచర్లు కావాలి. మరుసటి ఏడాది ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది.

(తెరపై: చిన్న క్లాస్‌రూమ్, పాఠం చెబుతున్న విద్యార్థిని.)

ఆ తర్వాత, 1974లో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ మొదలుపెట్టిందే నైటెప్. ఇది ఆదివాసీల కోసం పెట్టిన బీఈడీ కోర్సు. మొదటి రెండేళ్లు ఊళ్లకు దగ్గర్లోని సెంటర్లలో చదువుతారు, ఆ తర్వాతే వాంకూవర్ క్యాంపస్‌కు వెళతారు. థియరీ అంతా అయ్యేదాకా ఆగకుండా, మొదట్లోనే స్కూళ్లలోకి పంపిస్తారు. ఇది తక్కువ రకం డిగ్రీ అనుకునేవాళ్లకు ఒక మాట: చేతికొచ్చేది అదే యూనివర్సిటీ ఇచ్చే బీఈడీయే.

ఆ రెండేళ్లే నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది. ఇలాంటి కోర్సులకు వచ్చేవాళ్లలో పిల్లల తల్లులుంటారు, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కేవాళ్లుంటారు. ఒక్కసారిగా సిటీకి రమ్మంటే అద్దె టెన్షన్, పిల్లల్ని ఎవరు చూస్తారన్న టెన్షన్, చుట్టూ తెలిసిన ముఖం లేని ఒంటరితనం. పాఠం అర్థంకాక కాదు, వీటివల్ల చదువు మానేస్తారు.

నైటెప్‌కు నాయకత్వం వహించిన క్రీ అనే ఆదివాసీ జాతికి చెందిన విద్యావేత్త వెర్నా కర్క్‌నెస్, పరిశోధకుడు రే బార్న్‌హార్ట్‌తో కలిసి 1991లో ఇదే వాదించారు. విద్యార్థి ఎందుకు నిలవలేదని అడగడం కాదు, యూనివర్సిటీ ఎలా ఉందో చూడండి అన్నారు. వాళ్లు కోరినవి గౌరవం, బతుక్కి పనికొచ్చే చదువు, ఇచ్చిపుచ్చుకోవడం, బాధ్యత.

(తెరపై: మంచు మధ్య ఊరు.)

మెక్‌గిల్ యూనివర్సిటీ 1970ల నుంచి ఉత్తరాన, మంచు ప్రాంతపు ఆదివాసులైన ఇన్యూట్‌ల ఊళ్లలోనే టీచర్లను తయారు చేసింది. వాళ్ల ఇనుక్టిటుట్ భాషలో, ఇన్యూట్ బోధకులతోనే. రేపు ఆ భాషలో పాఠం చెప్పాల్సిన మనిషికి ట్రైనింగ్ ఇంకో భాషలో ఇస్తే ఏం లాభం?

కానీ ఇలాంటి కోర్సులు బడ్జెట్ దయ మీద బతుకుతున్నాయి, అదే నాకు కోపం. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రం ఉత్తరాన లా రాంజ్‌లో నోర్‌టెప్ అనే టీచర్ ట్రైనింగ్ కోర్సు దాదాపు 40 ఏళ్లు నడిచింది. రాష్ట్ర ప్రభుత్వం నిధులు ఆపడంతో 2017లో మూతపడింది, పని మరో కాలేజీకి అప్పగించారు. కొత్త కోర్సును ఫొటోలతో ప్రారంభించే ప్రతి ప్రభుత్వాన్నీ, పదేళ్ల నిధులకు రాతపూర్వక హామీ ఇస్తారా అని అడగాలి.