రెడిస్ రివ్యూ: సిటీ బస్సు లైవ్ లొకేషన్‌కి 30 సెకన్ల గడువు

అందరికీ నమస్కారం. సికింద్రాబాద్ నుంచి కొండాపూర్ వెళ్లే 10హెచ్ బస్సు మ్యాప్‌లో అమీర్‌పేట దగ్గర కనిపిస్తోంది అనుకోండి. స్టాపుకి పరుగెత్తుకెళ్తే, బస్సు పది నిమిషాల కిందటే దాటిపోయింది! లైవ్ లొకేషన్‌లో పాతది చూపించే కంటే ఏమీ చూపించకపోవడమే మేలు. డేటాని మెమరీలో ఉంచుకునే డేటాబేస్ రెడిస్. గడువు తీరిన డేటాని తనే తీసేస్తుంది కాబట్టి ఈ పనికి సరిగ్గా సరిపోతుంది.

ఇన్‌స్టాలేషన్ రెండు నిమిషాల పని. ఉబుంటు 24.04లో సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ రెడిస్-సర్వర్ కొట్టండి. తర్వాత రెడిస్-సీఎల్ఐ పింగ్ అంటే పాంగ్ అని బదులు రావాలి. 1 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్ చాలు. రెడిస్ వాడే 6379 పోర్టు మాత్రం బయటికి తెరవొద్దు, బైండ్ 127.0.0.1 (అంటే ఆ సర్వర్ లోపలి నుంచే కనెక్షన్లు) అలాగే ఉండనివ్వండి.

రెడిస్ సెట్టింగులుండే కాన్ఫ్ ఫైల్‌లో మ్యాక్స్‌మెమరీకి మామూలుగా హద్దే ఉండదు, 256 ఎంబీ పెట్టండి. పాలసీ నోఎవిక్షన్‌లో ఉంటుంది, అంటే మెమరీ నిండగానే కొత్త రాతలన్నీ ఎర్రర్. దాన్ని వోలటైల్-టీటీఎల్ చేస్తే, గడువు దగ్గరపడ్డ కీలు (అంటే పేరు పెట్టి దాచిన డేటా) ముందు పోతాయి. డేటాని డిస్క్‌లోకి కాపీ చేసే స్నాప్‌షాట్లు కూడా ఆపేయండి: సేవ్ పక్కన ఖాళీ కోట్స్ పెట్టాలి. డిస్క్ నిండి స్నాప్‌షాట్ ఫెయిలైతే రెడిస్ రాతలే ఆపేస్తుంది. పది సెకన్లలో మళ్లీ వచ్చే లొకేషన్ కోసం ఆ రిస్క్ ఎందుకు చెప్పండి?

ఇక అసలు విషయం, గడువు. బస్సు పది సెకన్లకోసారి లొకేషన్ పంపుతుంటే గడువు 30 పెట్టండి. 10 పెడితే పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఒక్కసారి నెట్ తప్పినా బస్సు మ్యాప్‌లోంచి మాయమై మళ్లీ వస్తుంది. కమాండ్ స్క్రీన్ మీద చూడండి: సెట్, కీ పేరు, విలువ, ఈఎక్స్ 30 (అంటే 30 సెకన్ల గడువు), అన్నీ ఒకే లైన్లో. సెట్ వేరుగా, గడువు పెట్టే ఎక్స్‌పైర్ వేరుగా పంపితే, మధ్యలో ప్రోగ్రామ్ పడిపోయినప్పుడు ఆ కీ ఎప్పటికీ పోదు.

చాలామంది దెబ్బతినేది ఇంకో చోట. గడువున్న కీ మీద ఈఎక్స్ లేకుండా మళ్లీ సెట్ కొడితే పాత గడువు ఎగిరిపోతుంది! ఎర్రర్ కూడా రాదు. పాత గడువే కొనసాగాలంటే కీప్‌టీటీఎల్ చేర్చాలి. మన బస్సుకైతే ప్రతిసారీ ఈఎక్స్ 30 ఇవ్వడమే కరెక్ట్.

దగ్గర్లో ఉన్న బస్సులు వెతకడానికి లొకేషన్లని జాబితాలో చేర్చే జియోఆడ్ కమాండ్ బాగుంటుంది, కానీ రేఖాంశం ముందు ఇవ్వాలి. అమీర్‌పేటకి 78.448, తర్వాత 17.437. తిరగేస్తే ఎర్రర్ రాదు, బస్సు ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్‌కి వెళ్తుంది. ఇంకోటి, ఈ జియో జాబితా మొత్తం ఒకటే కీ. గడువు పెడితే బస్సులన్నిటికీ కలిపే పడుతుంది, ఒక్కో బస్సుకి విడిగా పడదు. అందుకే చివరగా కనిపించిన సమయాన్ని స్కోరుగా పెట్టి ఇంకో సార్టెడ్ సెట్ (స్కోరు వరుసలో ఉండే జాబితా) ఉంచండి. పది సెకన్లకోసారి అందులో పాతబడ్డవి చూసి, రెండు చోట్లా జెడ్‌రెమ్ కమాండ్‌తో తీసేయండి. హ్యాష్‌లో (ఒకే కీ కింద చాలా ఫీల్డులు ఉండేది) ఒక్కో ఫీల్డ్‌కి గడువు పెట్టే హెచ్‌ఎక్స్‌పైర్ రెడిస్ 7.4లో వచ్చింది, ఉబుంటు 24.04 ఆప్ట్‌లో వచ్చేది 7.0, కాబట్టి అందులో దొరకదు.

లైసెన్స్ సంగతి అడిగేవాళ్లకి: 2024 మార్చిలో రెడిస్ బీఎస్‌డీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ వదిలేశాక, దాని పాత కోడ్ నుంచి వాల్కీ అనే ఫోర్క్ (వేరుపడ్డ ప్రాజెక్టు) పుట్టింది. ఈ వీడియోలో వాడిన కమాండ్లన్నీ అందులోనూ పనిచేస్తాయి.

చివరిగా ఒక పరీక్ష. లొకేషన్ పంపే ప్రోగ్రామ్ ఆపేసి, 31 సెకన్లు ఆగి, మిగిలిన గడువు చెప్పే టీటీఎల్ కమాండ్ కీ పేరుతో కొట్టండి. మైనస్ 2 వస్తే కీ పోయింది, సెటప్ సరిగ్గా ఉంది. మైనస్ 1 వస్తే కీ ఉంది, గడువు లేదు. మీ కోడ్‌లో ఈఎక్స్ లేని సెట్ ఎక్కడుందో వెతకండి.