ఒకే తప్పు, రెండు ఉత్తర్వులు

శ్రోతలకు నమస్కారం.

ఒక గోదాములో సరుకు తగ్గిందనుకోండి. స్టాకు రిజిస్టరులో ఒకే పేజీ మీద స్టోర్‌కీపరూ, జూనియర్ అసిస్టెంటూ సంతకాలు చేశారు. ఇద్దరికీ ఒకే రోజున ఛార్జిమెమోలు అందాయి, ఇద్దరి మీదా ఆరోపణ రుజువైందని విచారణాధికారి నివేదిక ఇచ్చారు. తీరా ఉత్తర్వులు వచ్చేసరికి ఒకరికి ఏడాదిపాటు ఇంక్రిమెంటు నిలుపుదల, మరొకరికి ఉద్యోగం నుంచి తొలగింపు. రెండు కాగితాల్లోనూ కారణంగా కనిపించేది 'రికార్డులను సమగ్రంగా పరిశీలించిన మీదట' అన్న ఒక్క ముక్కే.

తప్పు చేసినవాడికి సమానత్వం అడిగే హక్కు ఎక్కడిదని కొందరు అనవచ్చు. సుప్రీంకోర్టు అలా అనలేదు. మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక కానిస్టేబుల్ కేసులో 2013 ఫిబ్రవరిలో తీర్పు చెబుతూ, ఒకే సంఘటనలో దోషులుగా తేలినవారు కూడా శిక్ష విషయంలో తమ మధ్య వివక్ష జరిగిందని చూపగలిగితే సమానత్వాన్ని కోరవచ్చని స్పష్టం చేసింది. అది లంచం వ్యవహారం. అందులో ఎక్కువ పాత్ర ఉన్న తోటి పోలీసు ఉద్యోగి తేలికపాటి శిక్షతో బయటపడగా, తక్కువ పాత్ర ఉన్న ఈ కానిస్టేబుల్ మాత్రం డిస్మిస్ అయ్యాడు. కోర్టు ఆ డిస్మిసల్‌ను రద్దుచేసి, అతణ్ని తిరిగి విధుల్లోకి తీసుకోవాలని ఆదేశించింది.

అయితే శిక్షలు వేరుగా ఉన్నంత మాత్రాన అన్యాయం జరిగినట్టు కాదు. అదే ఏడాది లక్నో గ్రామీణ బ్యాంకు కేసులో, ఆరోపణలను మొదట్లోనే ఒప్పుకొని క్షమాపణ చెప్పినవారికీ, చివరిదాకా కాదని వాదించినవారికీ శిక్షలో తేడా చూపడం తప్పుకాదని సుప్రీంకోర్టే అన్నది. పాత్ర, హోదా, పాత సర్వీసు రికార్డు కూడా లెక్కలోకి వస్తాయి. పక్కవాణ్ని పూర్తిగా వదిలేశారు కాబట్టి నన్నూ వదిలేయండన్న వాదన సాధారణంగా నిలవదు. నా దృష్టిలో అసలు లోపం తేడాలో లేదు, ఆ తేడాకు కారణం ఉత్తర్వులో రాయకపోవడంలో ఉంది. రాయని కారణాన్ని ఉద్యోగి కులంలోనో, యూనియన్‌లోనో, పైఅధికారి ప్రాపకంలోనో వెతుక్కుంటాడు, చాలాసార్లు అతని అనుమానం నిజమే కావచ్చు కూడా.

ఇక్కడ ఒక చిక్కుంది. పోల్చి చూపాలంటే తోటి ఉద్యోగి శిక్ష ఉత్తర్వు చేతిలో ఉండాలి. కానీ మెమోలు, శిక్ష ఉత్తర్వులు ఉద్యోగి వ్యక్తిగత సమాచారం కిందికి వస్తాయనీ, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే తప్ప సమాచార హక్కు చట్టం కింద ఇవ్వనక్కరలేదనీ 2012లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అందువల్ల దరఖాస్తు పెట్టి నెలల తరబడి ఎదురుచూడటం కన్నా, అప్పీలులోనే సంఘటన తేదీని, ఉమ్మడి విచారణ ఉత్తర్వు నంబరును, సహోద్యోగికి పడిన శిక్షను పేర్కొని, ఆ ఫైలును తెప్పించి చూడమని అప్పీలు అధికారిని కోరడం మేలు. కేంద్ర ప్రభుత్వోద్యోగులైతే ఉత్తర్వు ప్రతి అందిన 45 రోజుల్లోగా అప్పీలు చేసుకోవాలి. శిక్ష సరిపోయిందా, తక్కువైందా, మరీ కఠినమైందా అన్నది పరిశీలించవలసిన బాధ్యతను కేంద్ర సివిల్ సర్వీసుల క్రమశిక్షణకు సంబంధించిన 1965 నాటి నియమావళి ఆ అధికారి మీదే పెట్టింది.