గోలెం పక్కన కప్పకు ఇంత చోటు

అందరికీ నమస్తే. కప్ప గురించి వినడానికి ఇంతమంది పిల్లలు రావడం నాకు చాలా సంతోషంగా ఉంది.

నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. హనుమకొండలో మా ఇంటి బాత్‌రూం గోడకు ఎండాకాలంలో ఒక చెట్టుకప్ప అతుక్కొని ఉండేది. గోధుమరంగు ఒళ్లు, వేళ్ల చివర గుండ్రటి బిళ్లలు. పెంచుకుంటానని మా బాబు ఏడిస్తే గాజు సీసాలో వేసి, నల్లా నీళ్లు పోసి ఇచ్చాను. మూతకు చిల్లులు పెట్టాం కదా, ఇంకేం కావాలనుకున్నాను. మూడో రోజు పొద్దున్న చూస్తే అది కదల్లేదు.

కప్ప మనలాగా నోటితో నీళ్లు తాగదు. పొట్ట కింద, తొడల దగ్గరుండే పలుచటి చర్మంతో పీల్చుకుంటుంది. ఊపిరి కూడా కొంత ఆ చర్మంతోనే. నీళ్లలోని క్లోరిన్, మన చేతికంటిన సబ్బు, దోమల మందు, ఏది తగిలినా నేరుగా దాని ఒంట్లోకి పోతుంది. అందుకే కప్పకు ఇల్లు అంటే ముందు నీళ్లు. నల్లా నీళ్లను వెడల్పాటి తొట్టిలో ఒక రోజు ఆరుబయట ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. వాననీళ్లు దొరికితే మరీ మంచిది.

ఆస్ట్రేలియా చెట్టుకప్పలాంటివి ఇప్పటికే కొనుక్కున్నవాళ్లకు రెండు మాటలు. అది ఎక్కే జీవి కాబట్టి గాజుపెట్టె వెడల్పు కంటే ఎత్తు ముఖ్యం. అడుగున తడి కొబ్బరిపొట్టు, పట్టుకోవడానికి కొమ్మలు, గాలాడే జాలీ మూత పెట్టండి. లోపల వేడి 24 నుంచి 28 డిగ్రీలు ఉండాలి. మే నెలలో మన వరంగల్ ఎండ 43 దాటుతుంది, ఆ సంగతి కొనకముందే ఆలోచించుకోవాలి. పెంచలేకపోతే మాత్రం భద్రకాళి చెరువులోనో, వడ్డేపల్లి చెరువులోనో వదలకండి. బయటి దేశాల కప్పల వెంట కైట్రిడ్ అనే బూజు రావచ్చు. అది చర్మాన్నే పట్టి కప్పలను చంపుతుంది.

మన కప్పలనైతే డబ్బాలో పెట్టొద్దు, పెరట్లోనే చోటిద్దాం. వానలు పడకపోతే మన పల్లెల్లో కప్పతల్లి ఆట ఆడతారు. రోకలికి కప్పను కట్టడం నాకు నచ్చదు. కానీ ప్రతి గడపలో దాని మీద బిందెడు నీళ్లు పోయడం చూస్తే, కప్పకు ఏం కావాలో మన పెద్దలకు తెలుసనిపిస్తుంది.

నీడ పడే మూలన పాత గోలెం పెట్టి నీళ్లు నింపండి. కప్ప లోపల పడి బయటికి రాలేక చస్తుంది, కాబట్టి రాళ్లను మెట్లలాగా పేర్చండి. పక్కన పగిలిన కుండను బోర్లించి, అరచేయి పట్టేంత సందు వదలండి. కింద మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి. అక్కడ పురుగుల మందు కొట్టకండి. దోమలొస్తాయని టెన్షన్ వద్దు. పళ్లెంలో పెట్టిన నీళ్లయితే మూడు రోజులకొకసారి పారబోసి కడగండి. గోలెంలో తోకకప్పలుంటాయి కాబట్టి అందులో కనిపించే దోమ పిల్లలను టీ జాలితో తీసేయండి. దోమ పిల్లలను తినే గంబూసియా చేపలను మాత్రం వేయకండి, అవి తోకకప్పలనూ తింటాయి.

పోయిన వానాకాలం మా గోలెం అంచున, నీళ్లకు జానెడు పైన, పిడికెడు తెల్లటి నురగ కనిపించింది. ఎవరో సబ్బు నురగ పోశారనుకొని మా ఆవిడ చీపురు తీసింది. దగ్గరికెళ్లి చూస్తే లోపల ఆవాల్లాంటి గుడ్లు. చెట్టుకప్ప వెనక కాళ్లతో చిలికి కట్టిన గూడు అది. నాలుగైదు రోజులకు నురగ కరిగి, తోకకప్పలు ఒక్కొక్కటే కింద నీళ్లలోకి రాలాయి. మా బాబు బడికి పోకుండా అక్కడే కూర్చున్నాడు.

ఈ వానాకాలం మీ గోడకో, చెట్టుకో అలాంటి నురగ కనిపిస్తే తుడిచేయకండి. దాని కింద నీళ్లున్నాయో లేవో చూడండి. లేకపోతే ఒక తొట్టెడు వాననీళ్లు పెట్టండి.