పేరు తీసేసినా మనిషి దొరుకుతారు

శ్రోతలకు నమస్కారం. మన అనంతపురం జిల్లాలో ఎక్కడ ఆరోగ్య శిబిరం జరిగినా ఒక జాబితా తయారవుతుంది. పరిశోధనకనో, నివేదికకనో తర్వాత దాన్ని ఇంకొకరికి పంపుతారు. పంపేముందు పేరు, ఫోన్ నంబరు, ఆధార్ నంబరు తీసేస్తే సరిపోతుందని చాలామంది నమ్మకం. సరిపోదు.

ఉరవకొండ మండలంలో ఓ చిన్న ఊరి పేరు, దాని పక్కన ఇలా ఉందనుకోండి: ఆడమనిషి, 43 ఏళ్లు, అంగన్‌వాడీ టీచరు, క్షయ. పేరు లేదు. అయినా ఆ ఊళ్లో ఎవరినడిగినా ఆమె ఇల్లు చూపిస్తారు. మందులతో తగ్గిపోయే జబ్బే, కానీ జనం నోళ్లలో పడ్డాక ఆ మాట వెనక్కి రాదు. అమెరికాలో లటాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 1990 జనాభా లెక్కలతో అంచనా కట్టి చూశారు. పుట్టినతేదీ, ఆడా మగా, అక్కడి ఐదంకెల పిన్‌కోడు. ఈ మూడు తెలిస్తే చాలు, 87 శాతం మందిని విడివిడిగా గుర్తుపట్టవచ్చని తేలింది.

అందుకని పుట్టినతేదీ బదులు 40 నుంచి 49 అని పదేళ్ల వయసు రాయాలి. ఊరి బదులు మండలం రాయాలి. వృత్తితో పనిలేకపోతే ఆ గడే వద్దు. తర్వాత ఒకేలా కనిపించే వరుసలు ఎన్నున్నాయో లెక్కపెట్టాలి. ఐదుకన్నా తక్కువుంటే పక్క గుంపులో కలపాలి, కుదరకపోతే తీసేయాలి. సున్నితమైన జబ్బయితే పది పెట్టుకోవడమే మేలు.

ఇంత చేసినా బెడిసికొట్టే చోట్లున్నాయి. గుంపులో ఆరుగురున్నా ఆరుగురికీ క్షయే అయితే, ఫలానా ఆయన ఆ శిబిరానికి వెళ్లాడని తెలిసినవాళ్లకు జబ్బూ తెలిసిపోతుంది. మొత్తం రోగులు 23 అని వేసి, మూడు ఊళ్లకు 9, 7, 5 చూపి నాలుగో ఊరిని దాచారనుకోండి. కూడికలు వచ్చిన పిల్లలెవరైనా అక్కడ 2 అని చెప్పేస్తారు. కాబట్టి ఇంకో ఊరి అంకె కూడా దాచాలి, లేదా మొత్తమే వేయకూడదు. ఎక్సెల్‌లో నిలువు వరుసను హైడ్ చేస్తే అది పోయినట్టు కాదు, ఫైలు అందుకున్నవాళ్లు ఒక్క నొక్కుతో తెరుస్తారు.

ఫోన్ నంబరును హ్యాష్ చేశాం కదా, అంటే ఓ సూత్రంతో గుర్తుపట్టలేని అక్షరాల వరుసగా మార్చేశాం కదా అని ధీమాపడేవాళ్లకు గట్టిగా చెప్పాలి. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలయ్యే పదంకెలవి. ఎంత లెక్కేసినా 400 కోట్లకు మించవు. మామూలు హ్యాష్ అయితే మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటరు వాటన్నిటికీ నిమిషాల్లో హ్యాష్ కట్టి పోల్చేస్తుంది. దానికి బదులు ప్రతి మనిషికీ యాదృచ్ఛికంగా ఒక సంఖ్య ఇచ్చి, ఏ సంఖ్య ఎవరిదో చెప్పే పట్టికను వేరే కంప్యూటరులో పాస్‌వర్డుతో భద్రపరచాలి. జాబితాతో పాటు అది ఎప్పుడూ ప్రయాణం చేయకూడదు.

ఆఖరున, పంపబోయే కాగితాన్ని ఆ శిబిరంలోనే పనిచేసిన, ఊరు బాగా ఎరిగిన ఆశా కార్యకర్తకు చూపించండి. ఆమె ఒక్కరినైనా గుర్తుపట్టగలిగితే ఆ వరుసను మళ్లీ కలపాలి, లేదా కొట్టేయాలి.